అక్షరం వెనుక అంకె

మానవుణ్ణి తక్కిన జీవకోటి నుండి వేరుపరచే గుణాలలో జిజ్ఞాస ముఖ్యమైనది. తెలియనిదానిని తెలుసుకోవాలనే కోరికయే జిజ్ఞాస. ఇది మహాశాస్త్రజ్ఞుల సొత్తు మాత్రమే కాదు. ప్రయోగశాలలోనే పుట్టాలన్న నియమమూ లేదు. ప్రతిదినం మన చేతిలో మెలగే వస్తువును చూచి "ఇది ఇట్లా ఎందుకున్నది?" అని ఒక్క నిమిషం ఆగి ప్రశ్నించుకోగలిగితే చాలు, శాస్త్రమందిరం తలుపు తెరచుకొంటుంది.

మన కళాశాలలో రెండు లిపులు కలసి నివసిస్తున్నాయి. ఒకటి ఎడమనుండి కుడికి గుండ్రని రూపాలతో నడిచే తెలుగు. మరొకటి కుడినుండి ఎడమకు వాలుగా సాగే ఉర్దూ. ఈ రెండింటినీ విద్యార్థులు సెల్‌ఫోన్‌లో వ్రాస్తున్నారు, చదువుతున్నారు. ఆ వ్రాతలో కొన్ని చిన్న చిన్న ప్రశ్నలు ఎదురవుతాయి. ఆంగ్లంలో 160 అక్షరాలు పట్టే ఒక ఎస్.ఎం.ఎస్. సందేశం, తెలుగులో గాని ఉర్దూలో గాని 70 కే ఎందుకు నిండిపోతుంది? 'స్త్రీ' అనే ఒక్క అక్షరాన్ని చెరపడానికి చాలా యంత్రాలలో మీటను పలుమార్లు ఎందుకు నొక్కవలసి వస్తుంది? కంటికి ఒకే విధంగా కనిపించే ఉర్దూ పదం, వెదికినప్పుడు ఒకచోట దొరికి మరొకచోట ఎందుకు దొరకదు? ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం ఒకే మూలంలో ఉన్నది. ఆ మూలాన్ని వివరించడమూ, అది మన భాషల భవిష్యత్తుకు ఎట్లా సంబంధించినదో సూచించడమూ ఈ వ్యాసం ఉద్దేశం.

యంత్రానికి అక్షరం తెలియదు

కంప్యూటర్‌కు గాని, సెల్‌ఫోన్‌కు గాని అక్షరజ్ఞానం లేదు. దానికి తెలిసినవి రెండే స్థితులు: విద్యుత్సంకేతం ఉండడం, లేకపోవడం. వీటిని 1, 0 అని గుర్తిస్తారు. ఇటువంటి ఒక్కొక్క గుర్తుకు బిట్ అని పేరు. బిట్లను వరుసగా పేర్చితే అంకెలు ఏర్పడతాయి. ఏడు బిట్లను పేర్చే పద్ధతులు 128 మాత్రమే. 1963లో అమెరికాలో ఆస్కీ అనే ప్రమాణం ఏర్పడినప్పుడు ఈ ఏడు బిట్ల పద్ధతినే స్వీకరించారు. ఆంగ్లంలోని పెద్ద అక్షరాలు 26, తరువాత చేరిన చిన్న అక్షరాలు 26, అంకెలు పది, విరామచిహ్నాలు, యంత్రానికి ఇచ్చే కొన్ని ఆజ్ఞలు - ఇంతటితో ఆ 128 స్థానాలూ నిండిపోయాయి. ఇతర భాషలకు అందులో చోటు లేదు.

నేటి అంతర్జాలానికి పూర్వరూపమైన అర్పానెట్‌లో మొదటి సందేశం 1969 అక్టోబర్ 29న వెళ్ళినది. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు 'లాగిన్' అనే మాటను పంపబోయారు. ఎల్, ఓ అనే మొదటి రెండు అక్షరాలు చేరగానే అవతలి యంత్రం ఆగిపోయింది. ఆ విధంగా రెండు ఆంగ్లాక్షరాలతో పుట్టిన ఆ వ్యవస్థ చాలాకాలం ఆంగ్లాక్షరాలనే ఎరిగి పెరిగినది.

మారువేషంలో మన లిపులు

మన దేశంలో సామాన్య ప్రజలకు అంతర్జాలం 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందుబాటులోకి వచ్చినది. తెలుగు పత్రికలు కొన్ని త్వరలోనే అందులో ప్రవేశించాయి. అయితే యంత్రంలో తెలుగుకు స్థానం లేదు కదా! అందుచేత ఒక ఉపాయం పన్నారు. ఆంగ్లాక్షరాలకు కేటాయించిన అంకెలనే వాడుకొని, వాటి రూపాల స్థానంలో తెలుగు తలకట్లు, గుడులు, ఒత్తులు చిత్రించిన ఫాంటును తయారుచేశారు. పాఠకునికి కనిపించేది తెలుగు. యంత్రం లోపల ఉన్నది మాత్రం అర్థంలేని ఆంగ్లాక్షరాల వరుస. ఆ ఫాంటు లేని యంత్రంలో అదే పుట తెరిస్తే కలగాపులగంగా ఏవో గుర్తులు కనిపించేవి. ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క ఫాంటు. ఒకరు కూర్చిన వ్యాసం మరొకరి యంత్రంలో పనికిరాకపోయేది.

ఉర్దూ కథ మరింత విశిష్టమైనది. ఉర్దూ పాఠకులు మక్కువతో చదివే నస్తాలీక్ శైలిలో అక్షరాలు ఒకదానిమీద ఒకటి వాలుతూ, పదమంతా ఏటవాలుగా క్రిందికి దిగుతుంది. సీసపు అచ్చులతో ఆ సొగసును సాధించడం అతికష్టం. అందువల్ల ఉర్దూ పత్రికలను కాతిబ్‌లు, అనగా చేతివ్రాత నిపుణులు, వ్రాసి ఇవ్వగా శిలాముద్రణ వంటి పద్ధతులలో ముద్రించేవారు. 1927లో మద్రాసులో స్థాపితమైన 'ముసల్మాన్' అనే ఉర్దూ దినపత్రిక 21వ శతాబ్దంలో కూడా చేతివ్రాతతోనే వెలువడినది. 1981లో పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ మోనోటైప్ సంస్థ సహకారంతో 'నూరీ నస్తాలీక్'ను రూపొందించారు. సుమారు 20 వేల అక్షరసంపుటాలను ముందుగానే వ్రాసి యంత్రంలో నిక్షేపించడం ఆయన అనుసరించిన మార్గం. ఉర్దూ ముద్రణకు అది గొప్ప మలుపు. ఐనా అంతర్జాలంలో మాత్రం ఉర్దూ పత్రికలు చాలాకాలం పుటలను ఛాయాచిత్రాలుగానే ఉంచాయి. చిత్రంలోని పదాన్ని కన్ను చదవగలదు. వెదికే యంత్రం చదవలేదు.

ప్రతి అక్షరానికి ఒక చిరునామా

ఈ గందరగోళానికి పరిష్కారంగా వచ్చినది యూనికోడ్. ప్రపంచంలోని లిపులన్నింటిలో ఉన్న ప్రతి అక్షరానికి, ఎవరితోనూ పంచుకోనవసరం లేని ఒక సంఖ్యను కేటాయించడం దీని ఆశయం. 1991లో వెలువడిన మొదటి ప్రతిలోనే తెలుగుకూ, ఉర్దూకు ఆధారమైన అరబ్బీ లిపికీ స్థానం లభించినది. అరబ్బీ లిపి కుటుంబానికి 1536 నుండి 256 స్థానాలు, తెలుగుకు 3072 నుండి 128 స్థానాలు ప్రధానంగా ఏర్పడ్డాయి. ఉర్దూ 'అలిఫ్' సంఖ్య 1575. తెలుగు 'అ' సంఖ్య 3077. ఈ సంఖ్యలు హైదరాబాదులో ఎట్లాగో, లండన్‌లోనూ అట్లాగే. ఇది అక్షరానికి శాశ్వతమైన చిరునామా అన్నమాట.

ఇందులో ఒక ముచ్చటైన విషయం కలదు. మన దేశంలో అంతకుముందే ఇస్కీ అనే ప్రమాణం రూపొందినది. భారతీయ లిపులన్నీ 'క ఖ గ ఘ' అనే ఒకే వర్ణక్రమాన్ని అనుసరిస్తాయి గనుక, అన్నింటినీ ఒకే పట్టికలో అమర్చవచ్చునని అది గ్రహించినది. యూనికోడ్ ఆ అమరికనే స్వీకరించినది. హిందీ 'క' సంఖ్య 2325. దానికి 768 కలిపితే 3093 వస్తుంది. అదే తెలుగు 'క'. తక్కిన హల్లులకు కూడా ఇదే లెక్క. వేల ఏండ్లనాటి వ్యాకరణవేత్తలు నోటిలోని ఉచ్చారణ స్థానాలనుబట్టి కూర్చిన క్రమం ఈనాడు యంత్రంలో కూడికగా ప్రత్యక్షమవుతున్నది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పుకోవచ్చు. ఒక ఎస్.ఎం.ఎస్.లో పట్టేవి 1120 బిట్లు. ఆంగ్లాక్షరానికి ఏడు బిట్లు చాలు గనుక 1120ని ఏడుతో భాగిస్తే 160 వస్తుంది. తెలుగు, ఉర్దూ సంఖ్యలు పెద్దవి కాబట్టి ఒక్కొక్కదానికి 16 బిట్లు వినియోగిస్తారు. 1120ని 16తో భాగిస్తే 70 మాత్రమే. అంతర్జాలంలో విస్తారంగా వాడే యు.టి.ఎఫ్.-8 అనే పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. ఎనిమిది బిట్ల సముదాయాన్ని బైట్ అంటారు. ఈ పద్ధతిలో ఆంగ్లాక్షరానికి ఒక బైట్, ఉర్దూ అక్షరానికి రెండు, తెలుగు అక్షరానికి మూడు కావాలి. ఇది మన భాషపట్ల వివక్ష అని కొందరు భావించవచ్చు. పాతకాలపు ఆంగ్ల పత్రాలు చెడకుండా క్రొత్త లిపులకు చోటు కల్పించడానికి చెల్లించిన మూల్యమది. పైగా నేడు ఒక చిన్న ఛాయాచిత్రం ఆక్రమించే చోటులో ఒక పుస్తకమంతటి తెలుగు పాఠం ఇముడుతుంది. కాబట్టి చోటు చాలదని మన లిపిని విడిచిపెట్టవలసిన అవసరం ఎవరికీ లేదు.

అక్షరం వేరు, ఆకారం వేరు

యూనికోడ్ ఇచ్చేది అక్షరానికి సంఖ్య మాత్రమే, రూపం కాదు. రూపాన్ని తెరపై చిత్రించే భారం ఫాంటుది, దానిని నడిపే ప్రోగ్రాముది. 'స్త్రీ' అనే అక్షరాన్ని చూడండి. మనకది ఒక్కటే. యంత్రంలో ఆరు సంఖ్యలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమైన గుడి. పొల్లు తరువాత హల్లు వచ్చినప్పుడు దానిని ఒత్తుగా మార్చాలి. గుడిని మొదటి హల్లుపై నిలపాలి. రెండు ఒత్తులను వాటివాటి తావులలో అమర్చాలి. ఈ పనులన్నీ మనం రెప్పవేసేలోగా జరుగుతాయి. చెరిపేటప్పుడు చాలా యంత్రాలు ఒక్కొక్క సంఖ్యనే తొలగిస్తాయి గనుక మీటను పలుమార్లు నొక్కవలసి వస్తున్నది. రెండవ ప్రశ్నకు ఇది సమాధానం.

ఉర్దూలోనూ ఇదే సూత్రం. 'బే' అనే అక్షరానికి విడిగా ఉన్నప్పుడు ఒక రూపం, పదం మొదట మరొకటి, నడుమ వేరొకటి, చివర ఇంకొకటి. సంఖ్య మాత్రం ఒకటే: 1576. ఇంకొక విశేషం గమనించదగినది. ఉర్దూ వాక్యం యంత్రంలో కుడినుండి ఎడమకు నిలువ ఉండదు. తెలుగైనా, ఉర్దూ ఐనా ఏ అక్షరాన్ని ముందు పలుకుతామో అదే ముందు నిలువ ఉంటుంది. కుడి ఎడమలన్నవి తెరపై చిత్రించే సమయంలో కలిగే భేదం మాత్రమే. ఎదురెదురు దిక్కులకు నడిచే మన రెండు లిపులు యంత్రం లోపల ఒకే త్రోవలో పక్కపక్కన నడుస్తున్నాయి.

ఇక మూడవ ప్రశ్న. 'కితాబ్'లోని మొదటి అక్షరం 'కాఫ్'. అరబ్బీవారు వాడే కాఫ్ సంఖ్య 1603. ఉర్దూవారు వాడే కాఫ్ సంఖ్య 1705. అట్లాగే అరబ్బీ 'యే' 1610, ఉర్దూ 'యే' 1740. పదం మొదట్లోనో నడుమనో వచ్చినప్పుడు ఈ జంటలను కంటితో వేరుచేయడం సాధ్యం కాదు. అరబ్బీ కీబోర్డుతో కొట్టిన 'కితాబ్', ఉర్దూ కీబోర్డుతో కొట్టిన 'కితాబ్' చూపునకు ఒకటే ఐనా, యంత్రానికి రెండు వేర్వేరు పదాలు. ఆ భేదాన్ని సరిదిద్దే ఏర్పాటు లేనిచోట ఒకదానిని వెదికితే మరొకటి దొరకదు. ఉర్దూ విద్యార్థులు తమ ఫోనులో ఉర్దూ కీబోర్డునే ఎంచుకొనడం ఎంత ముఖ్యమో దీనివల్ల గ్రహించవచ్చు.

2018 నాటి ఒక పాఠం

2018 ఫిబ్రవరిలో ఒక వింత వార్త ప్రపంచమంతటా ప్రాకినది. ఒక తెలుగు అక్షరాన్ని సందేశంగా పంపితే ఆపిల్ సంస్థవారి ఐఫోన్‌లో ఆ సందేశాలు చూపే ప్రోగ్రామే ఆగిపోతున్నదని, తిరిగి తెరవడం కూడా కష్టమవుతున్నదని ఆ వార్త సారాంశం. ఆ అక్షరం 'జ్ఞా'. జ్ఞానంలో, విజ్ఞానంలో, మనం ఈ వ్యాసారంభంలో చెప్పుకొన్న జిజ్ఞాసలో ఉన్న అక్షరమే!

అసలు సంగతి ఏమిటి? మామూలు 'జ్ఞా'లో నాలుగు సంఖ్యలున్నాయి: జ 3100, పొల్లు 3149, ఞ 3102, దీర్ఘం 3134. దీనివల్ల ఏ ప్రమాదమూ లేదు. ఆనాడు చిక్కు తెచ్చిన వరుసలో దీర్ఘానికి ముందు 8204 అనే మరొక సంఖ్య దాగి ఉన్నది. అది కంటికి కనిపించని చిహ్నం. రెండు అక్షరాలు కలసిపోకుండా విడదీయడం దాని పని. 'హైదరాబాద్‌లో' అని వ్రాసేటప్పుడు దకారం క్రింద లకారం ఒత్తుగా చేరిపోకుండా నిలిపేది ఆ చిహ్నమే. పారశీక భాషలో కూడా అక్షరాలను విడిగా నిలపడానికి దీనిని నిత్యం వాడుతారు. ఇంతటి ఉపయోగకరమైన చిహ్నం ఊహించనిచోట ఎదురయ్యేసరికి అక్షరాలను చిత్రించే ప్రోగ్రాము తికమకపడి కూలిపోయినది. అదే నెల 19న ఆ సంస్థ దోషాన్ని సవరించి క్రొత్త ప్రతిని విడుదల చేసినది.

వార్తలలో నిందను మోసినది తెలుగు అక్షరం. దోషం మాత్రం ప్రోగ్రాముది. దేవనాగరి, బెంగాలీ లిపులలోని అటువంటి వరుసలు కూడా అదే ఇబ్బందిని కలిగించాయని పరిశీలకులు నిరూపించారు. ఇందులో మనం నేర్చుకోవలసిన పాఠమొకటి ఉన్నది. ఒక లిపిని నిత్యం వాడేవారు యంత్రాల నిర్మాణంలోనూ, పరీక్షలోనూ పాలుపంచుకొంటే ఇటువంటి దోషాలు ముందుగానే బయటపడతాయి. వారు దూరంగా ఉంటే, ఒక దేశపు జ్ఞానాక్షరం మరొక దేశపు యంత్రానికి గండంగా పరిణమిస్తుంది.

పాత్ర సిద్ధమైనది, పదార్థమేది?

మన రెండు భాషలలోనూ విజ్ఞానాన్ని అందించాలన్న తపన క్రొత్తది కాదు. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపితమైనది. కొమర్రాజు లక్ష్మణరావుగారు దానికి ప్రాణంగా నిలిచారు. చరిత్రను, ప్రకృతిశాస్త్రాలను సామాన్య పాఠకునికి తెలుగులో అందించడం ఆ మండలి లక్ష్యం. 1917లో అదే నగరంలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా దారుత్తర్జుమా, అనగా అనువాద శాఖ, ఏర్పడినది. గణితం, రసాయనశాస్త్రం, వైద్యం మొదలైన శాస్త్రాలను ఉర్దూలో బోధించడానికి వేలాది పారిభాషిక పదాలను అక్కడి పండితులు కూర్చారు. పదకొండేండ్ల వ్యవధిలో ఒకే నగరంలో రెండు భాషలవారు ఒకే స్వప్నాన్ని కన్నారన్నమాట.

వారికి పదాలు లేక శ్రమపడ్డారు, అచ్చు సౌకర్యాలు లేక శ్రమపడ్డారు. మనకు ఆ కొరత లేదు. ప్రతి అక్షరానికి చిరునామా ఉన్నది, ప్రతి ఫోనులో కీబోర్డు ఉన్నది. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా, 2004 జనవరిలో ఉర్దూ వికీపీడియా ప్రారంభమైనాయి. జీతభత్యాలు లేని సామాన్యులు వ్రాస్తుండగా రెండింటిలోనూ వ్యాసాల సంఖ్య లక్ష దాటినది. ఐనా విద్యార్థిలోకంలో అధికభాగం తమ భాషను ఆంగ్లాక్షరాలలోనే వ్రాస్తున్నది. త్వరగా వ్రాయవచ్చునని దీనికి చెప్పే కారణం. స్నేహితునికి పంపే చిన్న కబురుకు అది చాలవచ్చు. కాని అందులో కలిగే నష్టాన్ని గుర్తించాలి. ఉర్దూలో సే, సీన్, స్వాద్ అనే మూడు అక్షరాలు ఆంగ్లంలో 'ఎస్' అనే ఒక్కదానిలో కలసిపోతాయి. తెలుగులో ల-ళ, న-ణ భేదాలు మాయమవుతాయి. హ్రస్వదీర్ఘాలు వ్రాసేవాని ఇష్టాన్నిబట్టి మారుతాయి. ఒకే పదాన్ని పదిమంది పదివిధాలుగా వ్రాస్తే దానిని వెదికి తీయడం దుర్లభం.

మరొక గంభీరమైన విషయం కలదు. నేడు ఒక భాషనుండి మరొక భాషకు అనువదించే యంత్రాలు, ప్రశ్నకు జవాబు చెప్పే యంత్రాలు వచ్చాయి. ఇవి మనుష్యులు వ్రాసిపెట్టిన పాఠాలనుండే భాషను నేర్చుకొంటాయి. ఏ భాషలో మంచి పాఠం విస్తారంగా ఉంటుందో ఆ భాషలో బాగుగా పలుకుతాయి. లేని భాషలో తడబడతాయి. మన ఊరి నేతగాని మగ్గంలోని భాగాల పేర్లు, మన ఇండ్లలోని నానమ్మలు చెప్పే దక్కనీ సామెతలు ఎవరూ వ్రాయకపోతే రేపటి యంత్రానికి అవి లేనట్లే. యంత్రాన్ని ఆశ్రయించే రేపటి విద్యార్థికీ లేనట్లే.

మన కర్తవ్యం

దీనికై గొప్ప ధనం గాని, పెద్ద చదువు గాని అవసరం లేదు. మొదటిది, ప్రతి విద్యార్థి తన మాతృభాష కీబోర్డును ఫోనులో అమర్చుకొని దినానికి పది పంక్తులైనా స్వలిపిలో వ్రాయాలి. నెల గడిచేసరికి వేళ్ళకు వేగం దానంతటదే వస్తుంది. రెండవది, తన ఇంటి వృత్తికి, వంటకు, పండుగకు సంబంధించిన పదాలను పెద్దలనడిగి సేకరించి, అర్థంతోసహా వ్రాసిపెట్టాలి. తెలుగు విద్యార్థి, ఉర్దూ విద్యార్థి జంటగా ఈ పని చేస్తే ఒకే వస్తువుకు రెండు భాషలలోని పేర్లూ ఒక్కచోట చేరుతాయి. మూడవది, తెరపై అక్షరం తప్పుగా కనిపించినప్పుడు ఊరకుండక దానిని ఆ ప్రోగ్రాము నిర్మాతలకు తెలియజేయాలి.

కళాశాల పాలకవర్గంవారికి సవినయంగా మనవి చేయదగినవి కూడా కలవు. కంప్యూటర్ గదిలోని ప్రతి యంత్రంలో తెలుగు, ఉర్దూ కీబోర్డులు సిద్ధంగా ఉండేటట్లు చూడాలి. వార్షిక సంచికను ముద్రించిన పిదప దాని పాఠాన్ని ఛాయాచిత్రంగా మాత్రమే కాక యూనికోడ్‌లో కూడా భద్రపరచాలి. గ్రంథాలయంలో పసుపువన్నెకు తిరిగిన పాత సంచికలలోని మంచి వ్యాసాలను సెలవులలో విద్యార్థులచేత టైపు చేయించవచ్చు. ఏ పూర్వవిద్యార్థి ఎప్పుడు ఏమి వ్రాశాడో ఒక్క మాటతో వెదికి తీయగలిగిన దినం మన కళాశాలకు పండుగదినమే.

చిన్న ప్రశ్నలతో బయలుదేరి మనం గణితాన్ని, లిపిశాస్త్రాన్ని, దేశచరిత్రను స్పృశించి వచ్చాము. జిజ్ఞాస ఫలం ఇటువంటిది. అక్షరమనగా నశించనిదని మన పెద్దలు అర్థం చెప్పారు. యంత్రంలో దానికి స్థిరమైన సంఖ్య లభించినది. ఇక ఆ సంఖ్యలను వరుసగా పేర్చి అర్థవంతమైన వాక్యంగా మలచవలసిన బాధ్యత రెండు లిపుల విద్యార్థులదీ. ఆ పనిని ఈ విద్యాసంవత్సరంలోనే ఆరంభింతురుగాక!